రాపా నూయీ యాత్రకు బయలుదేరు చిరంజీవికి

  

శాంతియాగోనుండి నీవు వ్రాసిన ఉత్తరము అందినది. ఉద్యోగ నిమిత్తము చిలీ దేశము చేరిన యీ స్వల్పకాలములోనే, రాబోవు సెలవులలో పసిఫిక్ మహాసముద్ర మధ్యమందలి రాపా నూయీ ద్వీపమును చూడ సంకల్పించితివనియు, పదవీ విరమణానంతరము నేనచ్చట కొన్ని దినములు గడపియున్నందున చూడదగినవేవో, తెలిసికొనదగినవేవో తెలుపవలసినదనియు కోరితివి. సంతోషించితిని. కాని నీ యుత్తరములోని ఒక్క వాక్యము మాత్రము నా మనస్సునకు నచ్చలేదు. ఎవరో తెలియని జాతి యొకటి పెద్ద పెద్ద బొమ్మలు చెక్కి అదృశ్యమైపోయిన రహస్యద్వీపమని వ్రాసితివి. నాయనా, ఆ జాతి అదృశ్యము కాలేదు. ఆ శిల్పుల సంతతివారు నేటికిని హంగా రోవా గ్రామములో ఇండ్లు కట్టుకొని, చేపలు పట్టుకొని, బిడ్డలను బడికి పంపుకొనుచు, నీవంటి యాత్రికులకు బస యిచ్చుచు జీవించుచున్నారు. నీవు విమానము దిగగానే ‘ఇయోరానా’ అని పలుకరించి మెడలో పూలదండ వేయువారు వారే. ఈ యొక్క సంగతి నీ మనస్సున నాటుకొనినచో నా సలహాలలో సగము అనవసరములగును. అయినను వృద్ధుల స్వభావము నీ వెఱుగనిది కాదు గనుక తక్కినవియు వ్రాయుచున్నాను.

ముందుగా ఆ భూమి స్వరూపమును తెలిసికొనుము. త్రికోణాకృతి గలిగి, 163 చదరపు కిలోమీటర్లకు కొంచెము మాత్రమే మించిన ఆ చిన్న ద్వీపమును సముద్రగర్భమునుండి పైకెత్తినవి మూడు అగ్నిపర్వతములు. తూర్పుమూలను పోయికె, నైఋతిమూలను రానో కావు, ఉత్తరభాగమున తెరెవాకా. అవి యెన్నడో చల్లారినవి. అన్నిటిలో ఉన్నతమైన తెరెవాకా శిఖరము 507 మీటర్లు మాత్రమే. నిత్యము పాఱు నదులు లేవు. అగ్నిబిలములలో నిలిచిన వాననీరే అచ్చటి పెద్ద జలాశయములు. చిలీ తీరమునకు 3,500 కిలోమీటర్లకు పైబడిన దూరమునను, జనులు నివసించు సమీపద్వీపమైన పిట్‌కెర్నునకు దాదాపు 2,000 కిలోమీటర్ల దూరమునను ఒంటరిగా నున్న యీ భూమిని, 1722వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీని, క్రైస్తవుల ఈస్టరు పండుగనాడు, రోగవేన్ అను డచ్చి నావికుడు కాంచి, ఆ పండుగ పేరే దానికి పెట్టి పోయెను. ఆ తొలి సమాగమముననే డచ్చివారి తుపాకి గుండ్లకు దాదాపు పదిమంది ద్వీపవాసులు నేలకూలిరన్న మాట సామాన్యముగా యాత్రాపుస్తకములలో కనబడదు. పటములలో ఆ పేరెట్లున్నను, అచ్చటివారితో మాటలాడునపుడు రాపా నూయీ యనియే పలుకుట మర్యాద.

ప్రయాణ విషయములు సంక్షేపముగా చెప్పెదను. శాంతియాగోనుండి బయలుదేరిన విమానము అయిదు గంటలకు మించి కేవలము నీటిపైననే పయనించి మాతావేరి విమానాశ్రయమున దిగును. 2018 నుండి అమలులోనున్న శాసనము ననుసరించి యాత్రికులెవ్వరును ముప్పది దినములకు మించి అచ్చట నిలువరాదు. ముందుగా ఒక పత్రము పూర్తిచేసి, తిరుగుప్రయాణపు టిక్కెట్టును, అనుమతిగల బసలో గది నిర్ణయించుకొన్నట్టి నిదర్శనమును చూపవలెను. ద్వీపములో చాల భాగము జాతీయోద్యానము. అందు ప్రవేశించుటకు టిక్కెట్టు కొనవలెను. ముఖ్యస్థలములలో పెక్కింటికి స్థానికుడైన మార్గదర్శిని వెంటబెట్టుకొని పోవలెను. ఇన్ని నిర్బంధములేల యని విసుగుకొనకుము. ఆ యుద్యానమును 2017 నుండి నడపుచున్నది మావు హెనువా యను ద్వీపవాసుల సంఘము. తమ పూర్వుల భూమిపై తామే అడుగుపెట్టుటకు వీలులేక ముళ్లకంచెల వెనుక జీవించిన జనుల బిడ్డలు నేడు ద్వారముకడ నిలిచి నిన్ను టిక్కెట్టు చూపుమని యడుగుచున్నారన్న మాట. దీని వెనుకనున్న కథ కొంచెము తరువాత చెప్పెదను.

ఇక వారి రాకను గూర్చిన పురాణగాథ. పశ్చిమమున ఎచ్చటనో హీవా యను దేశములో హోతు మతువా అను రాజుండెను. ఆ దేశమునకు ఆపద సంభవింపనున్న సమయమున హవుమకా యను జ్ఞాని నిద్రించుచుండగా అతని యాత్మ సముద్రముమీదుగ ఎగిరిపోయి యీ ద్వీపమును కనుగొనినదట. ఆ స్వప్నమును విశ్వసించి రాజు ఏడుగురు యువకులను ముందుగా పంపి, పిమ్మట తాను సపరివారముగా జంటపడవలలో వచ్చి, తెల్లని యిసుకతో నొప్పు అనాకేనా తీరమున దిగెను. నీవు అనాకేనాకు తప్పక పోవుదువు, సముద్రస్నానమునకు మిక్కిలి అనువైన తీరమదియే గనుక. స్నానము చేయుటకు ముందు ఆ తీరమున నొక్క క్షణము కూర్చుండి, దిక్సూచి లేక, పటము లేక, నక్షత్రములను, అలల నడకను, పక్షుల రాకపోకలను మాత్రమే నమ్మి, స్త్రీలతో, శిశువులతో, విత్తనములతో, కోళ్లతో వేలాది కిలోమీటర్లు వచ్చిన ఆ నావికుల ధైర్యమును ఊహింప ప్రయత్నింపుము. వారు పాలినీషియా జాతివారనుటకు భాషయే చాలును. 1774లో కెప్టెన్ కుక్ వచ్చినపుడు అతని నావలోనున్న బోరబోరా ద్వీపపు యువకుడొకడు వీరి మాటలు కొంతవఱకు గ్రహింపగలిగెను.

వారు తమతో తెచ్చికొన్న పైరుల జాబితా చదివినచో నీకు మన పెరడు స్ఫురించును: అరటి, చెఱకు, చేమదుంప, పెండలము, పసుపు. ఇవన్నియు ఆసియా ఖండపు దక్షిణ, ఆగ్నేయ దిక్కులనుండి, న్యూగినీ మొదలగు ద్వీపములనుండి తరతరములుగా పడవలెక్కి తూర్పునకు పోయినవి. పసుపుతో వారు మహుతె చెట్టు నారబట్టకు రంగు వేసికొనెడివారు. చిలగడదుంప మాత్రము ఎదుటి దిక్కునుండి, దక్షిణ అమెరికానుండి, వచ్చినది. థోర్ హెయర్‌డాల్ అను నార్వే సాహసికుడు 1947లో పెరూనుండి తెప్పపై బయలుదేరి, పాలినీషియా ద్వీపములకు తొలి ప్రజలు అమెరికానుండియే వచ్చిరని లోకమునకు చాటి పెద్ద కీర్తి సంపాదించెను గాని, తరువాతి శాస్త్రజ్ఞులు ఆ వాదమును అంగీకరింపలేదు. 2024లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన, రాపా నూయీ ప్రజల మూలము పాలినీషియాయే యనియు, అయితే యూరోపియనులు రాకపూర్వమే, సుమారు 1250-1430 సంవత్సరముల నడుమ, అమెరికా ఆదివాసులతో వారికి సంబంధము కలిగినదనియు తేల్చినది. అంతటి నావికులు తామే తూర్పునకు పోయి దుంపను తెచ్చుకొనిరనుట నాకు స్వభావముగా తోచుచున్నది.

ఇప్పుడు నీవు చూడబోవు విగ్రహముల విషయము. వానిని మోవాయి అందురు. వేయికి చేరువగా నున్నవి. వానిలో అత్యధిక భాగము రానో రరాకు అను ఒకే కొండనుండి, అగ్నిపర్వత భస్మము గట్టిపడి రాయిగా మాఱిన పొరలనుండి, గట్టి నల్లరాతి ఉలులతో చెక్కబడినవి. లోహమన్నది వారెఱుగరు. నీ దర్శనమును ఈ కొండనుండియే ప్రారంభింపుమని నా దృఢమైన సలహా. ఏలన, పూర్తియైన పనిని చూచుటకంటె సగములో నిలిచిన పనిని చూచుట వలననే పనివాని మనస్సు తెలియును. అచ్చట దాదాపు నాలుగువందల విగ్రహములు వివిధదశలలో నిలిచియున్నవి. కొన్ని ఇంకను కొండరాతి నుండి విడివడక వెల్లకిల పరుండియున్నవి, కొన్ని భుజములవఱకు మట్టిలో పూడి తలలు మాత్రము చూపుచున్నవి. తలలు మాత్రమే యని భ్రమపడువారు పెక్కుమంది; త్రవ్వినచో క్రింద మొత్తము దేహమున్నది. ఒకటి పూర్తియైనచో 21 మీటర్లుండెడిది. దానిని కదలింపగలమన్న నమ్మకము చెక్కువారికి నిజముగా నుండెనా, లేక చెక్కుటయే వారికి పూజయైనదా యని నేను చాలసేపు ఆలోచించితిని. ఆ కొండయంచున మోకాళ్లపై కూర్చున్న విగ్రహమొకటి కలదు, గడ్డముతో, గుండ్రని ముఖముతో; తక్కినవాని పోలిక దానికి లేదు. దానిని చూడక రాకుము.

ఈ విగ్రహములు దేవుళ్లవి కావు, రాజుల ఆడంబర చిహ్నములును కావు. ఒక్కొక్క వంశమువారు గతించిన తమ పెద్దలను శిలారూపమున నిలిపికొని, ఆహువు అను రాతివేదికలపై ప్రతిష్ఠించి, ఆ వేదికలలోనే తమవారి అస్థికలను భద్రపఱచికొనిరి. అందువలననే ఆ మోవాయిలు సముద్రమునకు వీపు చూపి, గ్రామమునకు ముఖము చూపి నిలిచెను. సంతతిని కనిపెట్టి చూచుట వాని పని. కన్నులు పెట్టినగాని విగ్రహమునకు శక్తి వచ్చెడిది కాదట. తెల్లని పగడపురాతితో చేసి, నల్లగుడ్డు స్థానమున ఎఱ్ఱరాయి పొదిగిన కన్నొకటి 1978లో అనాకేనాలోని త్రవ్వకములలో దొరకువఱకు, పండితులు కంటిగుంటలు ఎల్లప్పుడు శూన్యముగనే యుండెడివని తలచియుండిరి. ఆ కన్ను హంగా రోవాలోని మ్యూజియములో నున్నది. చిన్న మ్యూజియమే. దానికి పేరు, 1935 నుండి మరణపర్యంతము ఆ ద్వీపమున నివసించి విగ్రహములను లెక్కించి సంఖ్యలు వేసిన సెబాస్టియన్ ఎంగ్లర్టు అను మతాచార్యునిది. ఒక పూట అచ్చట గడపుము.

కొండనుండి సముద్రతీరమునకు అంత బరువులను ఎట్లు చేర్చిరి? నిలువబెట్టిన వానిలో పెద్దది దాదాపు 10 మీటర్ల పొడవు, 80 టన్నుల బరువు గలదు. నీవు ద్వీపవాసుల నడిగినచో, ‘మన’ అను దివ్యశక్తిచేత అవి తామే నడచిపోయెనని చెప్పుదురు. అంతేకాదు, అవి ఎందుకు ఆగిపోయెనో కూడ చెప్పుదురు. శిల్పులకు వంటచేసి పెట్టు మాంత్రికురాలైన ముదుసలి యొకతె యుండెనట. ఒకనాడు శిల్పులకు పెద్ద సముద్రపు రొయ్య దొరకగా ఆమె పాలు మిగుల్పక తామే తినివేసిరి. ఆమె వచ్చి ఖాళీ పెంకులు చూచి, ‘ఇక మీరు కదలవద్దు, పడిపొండు’ అని విగ్రహములను శపించెను. అవి ఎక్కడివక్కడ ఆగిపోయెను. శాస్త్రజ్ఞులు చాలకాలము ఈ నడకకథను చిన్నపిల్లల మాటగా త్రోసివైచి, కొయ్యబండ్లు, దుంగలు, పట్టాలు మొదలగు ఉపాయములను ఊహించిరి. కాని 1986లో పావెల్ పావెల్ అను చెక్ ఇంజనీరును, తరువాత హంట్, లిపో అను అమెరికా పండితులును, విగ్రహమును నిలువుగనే యుంచి, ఇరుప్రక్కల త్రాళ్లు కట్టి, ఒకమాటు కుడికి, ఒకమాటు ఎడమకు ఊపుచు ముందునకు జరుపవచ్చునని ప్రత్యక్షముగా చూపిరి. బరువైన ఇనుప బీరువాను ఒక మూల, ఒక మూలగా త్రిప్పుచు గదిలో జరుపుట మన యిండ్లలో చూచియే యుందువు, అదే కిటుకు. హంట్, లిపోల ప్రయోగములో 4 టన్నులకు మించిన నమూనాను నడపుటకు 18 మంది చాలిరి. పండితులందఱు దీనిని ఒప్పుకొనలేదు. అన్ని విగ్రహములు ఇట్లే కదలెనని నేనును ప్రమాణము చేయను. అయినను నడచిపోయినవన్న ముత్తవ్వల మాటలో పనివాని జ్ఞాపకము దాగియుండెనేమో యని తోచినపుడు, కథలను త్రోసిపుచ్చుటలో తొందరపాటు తగదని నీకును తోచగలదు.

అట్లని ప్రతి కథను చరిత్రగా గ్రహింపుమనియు నేను చెప్పను. పూర్వము దీర్ఘకర్ణులను వర్గమువారిని పొట్టిచెవులవారను మఱియొక వర్గమువారు పోయికె కందకములో నిప్పుపెట్టి సంహరించిరనియు, ఒక్కడు మాత్రము మిగిలెననియు ఒక భయంకర గాథ కలదు. మార్గదర్శులు దానిని రసవత్తరముగా చెప్పుదురు. ఆ కందకములో తరువాత జరిగిన త్రవ్వకములలో అంతటి యుద్ధమునకు తగిన యస్థికలు గాని, ఆయుధములు గాని కనబడలేదు. ఆకీవి యను వేదికపైని ఏడు విగ్రహములు హోతు మతువా పంపిన ఏడుగురు యువకులే యనియు, అందుచేతనే అవి సముద్రమువైపు చూచుచున్నవనియు చెప్పుదురు. ఆ వేదిక తీరమునకు దూరముగా లోపలనున్నది. గ్రామము వాని యెదుట నుండెడిది, సముద్రము ఆ గ్రామమునకు ఆవల. వినుము, ఆనందింపుము, ఎదురువాదింపకుము.

నీవు ఎదురువాదింపవలసిన కథ వేఱొకటి కలదు. అది ద్వీపవాసులది కాదు, మన పుస్తకముల అంగడులలో దొరకునది. మూఢులైన ద్వీపవాసులు విగ్రహముల పిచ్చిలో చెట్లన్నియు నఱకి, ఆకలితో ఒకరినొకరు చంపుకొని తమకు తామే నాశనమైరని, దానిని భూలోకమునకంతటికిని హెచ్చరికగా చూపుట ఇప్పటి రచయితలకు పరిపాటియైనది. అడవి పోయినమాట నిజమే. ఒకప్పుడు దట్టముగా నుండిన మహాతాళవృక్షములు మనుష్యుల గొడ్డళ్లకును, పడవలలో వచ్చి గింజలు కొఱికిన యెలుకలకును బలియైనవి. అయితే జనులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; పొలములనిండ రాళ్లు పఱచి నేలలోని తడిని కాపాడుకొనిరి, గాలి తగులకుండ గుండ్రని రాతిగోడల నడుమ తోటలు పెంచుకొనిరి. మనవాయి అను ఆ రాతిదొడ్లు నేటికిని దారిప్రక్కల కనబడును. విగ్రహములపైననే దృష్టి నిలిపినవారు వానిని పశువుల దొడ్లనుకొని దాటిపోవుదురు. నేను పైన జెప్పిన జన్యుపరిశోధనలోనే, 17వ శతాబ్దిలో జనసంఖ్య కుప్పకూలినదన్న మాటకు ఆధారము లేదని తేలినది. విగ్రహములు పరస్పర కలహములలో పడద్రోయబడిన మాట వాస్తవము. 19వ శతాబ్ది మధ్యమునకు వేదికలపై ఒక్కటియు నిలిచియుండలేదు. కలహము వేఱు, సర్వనాశనము వేఱు.

సర్వనాశనము ఓడలలో వచ్చినది. 1862 డిసెంబరునుండి పెరూ దేశపు దాసవ్యాపారులు ద్వీపముపై పడి, రాజవంశీకులనక, విద్వాంసులనక, దాదాపు 1,500 మందిని బంధించి కూలిపనులకు కొనిపోయిరి. తాహితీలోని మతాధికారులు మొదలగువారి నిరసనవలన బ్రతికినవారిని తిరిగి పంపునపుడు త్రోవలో పెక్కుమంది చనిపోగా, ఇల్లు చేరిన కొలదిమంది తమతో మశూచికమును తెచ్చిరి. 1877 నాటికి ద్వీపమున మిగిలినవారు 111 మంది. నేటి రాపా నూయీ వంశములన్నియు ఆ కొలదిమంది నుండి మొలచినవే. పండితులు పోవుటచే పాటలు, వంశావళులు, లిపి చదువు విద్య చాలవఱకు నశించినవి. ఈ ద్వీపమును గూర్చి మనము రహస్యము రహస్యమని ముచ్చటపడుచున్నదానిలో పెద్దభాగము, సమాధానము చెప్పగలవారిని సంకెలలు వేసి కొనిపోవుటచే ఏర్పడినదే.

1888 సెప్టెంబరు 9న చిలీ ప్రభుత్వము ద్వీపమును తనలో కలుపుకొన్నది. ఆనాడు అతాము తెకేనా యను నాయకుడు గడ్డితో కూడిన మట్టిపెళ్లను తీసి, గడ్డిని చిలీ నౌకాధికారికిచ్చి, మట్టిని తనకడ నుంచుకొనెనని ద్వీపవాసులు నేటికిని చెప్పుకొందురు. ఆ మట్టియు వారికి దక్కలేదు. 1903 నుండి 1953 వఱకు ఒక బ్రిటిషు కంపెనీ ద్వీపమునంతటిని గొఱ్ఱెల మేతభూమిగా మార్చి, జనులను హంగా రోవాలో కంచెలోపల నుంచెను; దాటిపోవుటకు అనుమతి కావలసియుండెను. తరువాత నౌకాదళపు ఏలుబడి. వారికి సంపూర్ణ పౌరసత్వము లభించినది 1966లో. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిదప పందొమ్మిది సంవత్సరములకు! ద్వారముకడ టిక్కెట్టు అడుగుటను గూర్చి పైన నే వ్రాసినది ఇందులకే. నీవు చిలీలో ఉద్యోగము చేయుచున్నావు గనుక, అచ్చట ఎవ్వరైన నీ యభిప్రాయమడిగినచో వినయముగా వినుటయే నీ పని. ద్వీపవాసులు, చిలీ ప్రభుత్వము అను రెండు పక్షములకును తీర్పు చెప్పుట అతిథి పని కాదు.

మరల చూడదగిన స్థలములకు వత్తును. ఓరోంగో యను ప్రాచీనస్థలమునకు ఉదయమున పొమ్ము. రానో కావు అగ్నిబిలపు అంచున, ఒకప్రక్క జమ్ము మొలచిన లోతైన సరస్సును, వేఱొకప్రక్క నిట్టనిలువుగ సముద్రములోనికి జారు కొండచఱియలును గల ఆ సన్నని నేలమీద, పలుచని రాతిపలకలతో కట్టిన యాభైకి పైగా పొట్టియిండ్లు కలవు. మోవాయిల కాలము సన్నగిల్లిన పిదప పక్షిమానవుని ఉత్సవము ఇచ్చట జరిగెడిది. ఎదుటనున్న మోతు నూయీ దీవికి మనుతరా యను సముద్రపక్షులు గ్రుడ్లు పెట్టవచ్చు ఋతువున, ఒక్కొక్క నాయకుని పక్షమున ఒక్కొక్క యువకుడు ఆ కొండ దిగి, జమ్ముకట్టను ఆధారముగా జేసికొని సొఱచేపలు తిరుగు నీటిని ఈదిపోయి, దీవిలో వేచియుండెడివాడు; మొదటి గ్రుడ్డు సంపాదించినవాని నాయకుడు ఆ సంవత్సరమునకు పవిత్రపురుషుడై ఏకాంతవాసము చేసెడివాడు. 1860 దశకములో క్రైస్తవ మతాచార్యులు వచ్చిన పిదప అది నిలిచిపోయినది. ఓరోంగోలోని ఒక యింటినుండియే హోవా హకనానైయా యను నల్లరాతి విగ్రహమును 1868లో బ్రిటిషు నౌకాదళమువారు తీసికొనిపోయిరి. అది నేడు లండనులో బ్రిటిష్ మ్యూజియమున నున్నది. తమ పెద్దను తమకు తిరిగి యిమ్మని 2018లో ద్వీపప్రతినిధులు లండను వెళ్లి కన్నీటితో కోరిరి. ఇంతవఱకు ఫలము లేదు. శాంతియాగోలోని మ్యూజియము మాత్రము 2022లో తనయొద్దనున్న ఒక మోవాయిని ద్వీపమునకు తిరిగి పంపినది. అమరావతి శిల్పములను లండనులో చూచి నిట్టూర్చిన ఆంధ్రులకు వారి బాధ వేఱుగా వివరింపనక్కఱలేదు.

మఱియొక హెచ్చరిక. మనవారు ఎచ్చటికి పోయినను అచ్చట భారతదేశపు జాడను వెదకు జబ్బొకటి కలదు, ఈ ద్వీపవిషయమున దానికి ఒక యూరోపియనుడే ఊతమిచ్చిపోయెను. రోంగోరోంగో అను చిత్రలిపి చెక్కిన కొయ్యపలకలు, 1864లో యూజీన్ ఏరో అను మతప్రచారకుడు తొలిసారి లోకమునకు తెలిపినవి, ప్రపంచపు మ్యూజియములలో ఇరువదింటికి పైగా మిగిలినవి. ద్వీపములో ఒక్కటియు లేదు. ఒక పంక్తి ముగియగానే పలకను తలక్రిందులుగా త్రిప్పి తరువాతి పంక్తి చదువవలెను. దానిని ఇంతవఱకు ఎవ్వరును చదువలేదు. 1932లో హెవేసీ అను పండితుడు ఈ గుర్తులను మొహెంజొదారో ముద్రికలపై గుర్తులతో జతపఱచి, రెండును ఒకటే లిపి యని ప్రకటించెను. మెట్రో అను పరిశోధకుడు ద్వీపమునకు పోయి వచ్చి ఆ వాదమును ఖండించెను. రెండు లిపులకు మధ్య వేల సంవత్సరముల అంతరము. దూరమన్ననో, భూగోళమున అంతకు మించి దూరము సాధ్యము కాదు. రాపా నూయీ అడుగున సూటిగా భూకేంద్రము మీదుగా గీత గీచినచో అది మన జైసల్మేరు ప్రాంతమున బయటపడును. సింధులోయ దాని సరసనే. కావున సింధునాగరికులు ఈ ద్వీపమున వెలసిరని అచ్చట ఎవ్వరితోను గర్వముగా పలుకకుము. విద్యను కోల్పోయిన ఆ జనులతో, ఆ విద్య నిజమునకు మాదేయని చెప్పుట ఎంత అసభ్యమో ఆలోచింపుము.

ఇక నీ నడవడి. ఆహువుపై కాలు మోపరాదు, విగ్రహమును తాకరాదు. 2008లో ఒక విదేశయాత్రికుడు జ్ఞాపకార్థము ఒక మోవాయి చెవి విఱుగగొట్టి, పట్టుబడి, వేల డాలర్ల జరిమానా చెల్లించుకొన్నాడు. విఱిగి నేలమీద పడియున్న రాళ్లపైకూడ కూర్చుండకుము. అవి పూర్వము ఎవరి వేదికలో నీకు తెలియదు. 2022 అక్టోబరులో రానో రరాకు పరిసరములలో నిప్పు చెలరేగి పెక్కు విగ్రహములకు హాని కలిగినది గనుక అగ్గిపుల్ల మాట అసలే వలదు. తోంగరీకి యను వేదికపైని పదునైదు విగ్రహములను ఉదయమున, వాని వెనుకనుండి సూర్యుడు పైకి వచ్చు సమయమున చూడుము. 1960 నాటి చిలీ భూకంపము లేపిన ఉప్పెన వానిని లోపలికి విసరివైచినది. 1990 దశకములో జపానువారు పంపిన క్రేనుతో వానిని తిరిగి నిలిపిరి. ఆదివారము ఉదయము చర్చికి పొమ్ము. నీవు క్రైస్తవుడవు కాకున్నను రాపా నూయీ భాషలో వారు పాడు పాటలు వినుట యుక్తము. శాకాహారమునకు ఇబ్బంది పడుదువేమోయని మీ అమ్మ బెంగ. చేమదుంపలు, చిలగడదుంపలు దొరకును; అరటి, గుమ్మడి కలిపి చేయు పోయె అను తీపిరొట్టెయు దొరకును. గాలికి ఎండ తెలియదు గాని ఒళ్లు మాత్రము మాడిపోవును, టోపీ మఱవకుము.

జ్ఞాపికగా ఏదైన కొనదలచినచో చెక్కినవాని చేతినుండియే కొనుము, బేరమాడకుము. నేలమీది రాయి ఒక్కటియు జేబులో వేసికొనకుము. పెద్ద హోటళ్లను విడిచి రాపా నూయీ కుటుంబమువారి యింటనే బస నిర్ణయించుకొనుము. ఫిబ్రవరి ప్రారంభమున తపాతీ ఉత్సవము జరుగును. ఆ దినములలో పోదలచినచో గదులు చాల ముందుగనే నిండిపోవును గనుక ఈ ఉత్తరము చేరిన వారములోనే బస యిచ్చు కుటుంబమువారికి వ్రాసి, వారి జవాబును నాకు పంపుము.

ఇట్లు,
నీ పెదతండ్రి